పీట, చెంబు, పచ్చబొట్టు

మా అత్తయ్యను రౌడీ అనుకున్నారు. ఒసాకా శివార్లలో ఒక పెద్ద స్నానశాల కౌంటరు దగ్గర జరిగిన సంగతి ఇది. ఆమెకు 69 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు, చేతిసంచిలో ఎప్పుడూ ఒక నిమ్మతొనల పొట్లం. నాకు తెలిసినంతవరకు ఆవిడ జీవితంలో చేసిన అతి పెద్ద నేరం పక్కింటి కరివేపాకు చెట్టు నుంచి అడగకుండా రెండు రెబ్బలు తుంచుకోవడం.

మా ఆయన ఉద్యోగం కోసం మేము ఒసాకా వచ్చి ఏడాదిన్నర అయింది. ఒన్సెన్ అంటే వేడినీటి ఊట. ఆ ఊట మీద కట్టిన స్నానశాలనూ, దాని చుట్టూ పెరిగిన ఊరినీ కూడా ఆ మాటతోనే పిలుస్తారు. ఈ దేశంలో ఇలాంటి ఊటలు 27,000 దాకా ఉన్నాయి, బస దొరికే ఒన్సెన్ ఊళ్ళు 3,000కు దగ్గర. 1948లో చేసిన ఒన్సెన్ చట్టం ప్రకారం భూమిలోంచి వచ్చే నీరు 25 డిగ్రీల వేడి ఉంటే చాలు, లేదా చట్టం పేర్కొన్న 19 పదార్థాలలో ఏదో ఒకటి తగినంత ఉండాలి. ఆ లెక్కన మా విజయవాడ బోర్లన్నీ ఒన్సెన్లే.

ఇన్ని ఉన్నా నేను ఒక్కదాని గడప కూడా తొక్కలేదు. ఎవరైనా అడిగితే నాకు వేడి పడదని చెప్పేదాన్ని. విజయవాడలో పుట్టి పెరిగిన మనిషి వేడి పడదంటే నమ్మేవాళ్ళు జపాన్‌లోనే దొరుకుతారు. అసలు కారణం వేడి కాదు, సిగ్గు. ఒన్సెన్‌లోకి నూలుపోగు లేకుండా దిగాలి. తెలిసినవాళ్ళ ముందు కాదు కదా, అద్దం ముందు కూడా నాకు అంత ధైర్యం లేదు.

డిసెంబరులో అత్తయ్య వచ్చారు. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగుతున్న ఆమెను చూసి మా పక్కింటావిడ, ఒన్సెన్‌కు తీసుకువెళ్ళు, హాయిగా ఉంటుంది అని నాకు చెప్పింది. ఆ మాట అత్తయ్యకు అనువదించి చెప్పడం నేను చేసిన పొరపాటు.

"బట్టలు లేకుండా దిగాలి అత్తయ్యా," అన్నాను, ఆ మాటతో విషయం ముగిసిపోతుందన్న ఆశతో.

కాసేపు ఆలోచించారు. "అందరూనా?"

"అందరూ."

"మగవాళ్ళో?"

"వాళ్ళకు వేరే గది."

"మరి ఇంకేమిటి? పద."

అలా ఆ పెద్ద స్నానశాలకు వెళ్ళాం. చెప్పులు అరలో పెట్టి, కోట్లు విప్పి చేతిమీద వేసుకుని, కౌంటరు దగ్గర నిలబడ్డాం. డబ్బు నేను ఇస్తానంటే నేను ఇస్తానని అత్తయ్య స్వెటరు చెయ్యి పైకి లాక్కుని సంచిలో వెతుకుతున్నారు. ఆ ముంజేతి మీద చిన్న తులసికోట ఉంది, దాని కింద వరసగా ఐదు చుక్కలు. పదేళ్ళ వయసులో, ఊరి సంతకు వచ్చిన ఎరుకలామె దగ్గర వాళ్ళ నాయనమ్మ పొడిపించింది. అరవై ఏళ్ళలో నలుపు పోయి ఆకుపచ్చగా, అంచులు పాకి, వానలో తడిసిన ముగ్గులా ఉంటుంది. కౌంటరులోని అమ్మాయి దాన్ని చూసింది. ఆ తరువాత మమ్మల్ని చూసింది. లేచి నిలబడి నడుము దాకా వంగి, గోడమీది బోర్డు చూపించింది. బోర్డు మీద వీపంతా నాగుబాములాంటి డ్రాగన్ ఉన్న ఒక మనిషి బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డగీత.

నేను నాకు వచ్చిన జపనీస్ అంతా వెచ్చించాను. మా దేశంలో అమ్మమ్మలకు ఉంటాయన్నాను, దేవుడి బొమ్మ అన్నాను. ఆ పిల్ల ప్రతి మాటకూ మరోసారి వంగింది. ఆమె ఎంత మర్యాదగా వంగితే నాకు అంత ఒళ్ళు మండింది. చివరికి బయటికి వచ్చి, "ఇవాళ సెలవట అత్తయ్యా," అన్నాను.

రైలెక్కేదాకా ఆమె ఏమీ అనలేదు. కూర్చున్నాక, "లోపల అంతమంది చెప్పులున్నాయి కదా, సెలవేమిటి? నా చెయ్యి చూసింది ఆ పిల్ల," అన్నారు. ఇక దాచి లాభం లేక చెప్పాను: ఇక్కడ పచ్చబొట్టు అంటే ముఠాలవాళ్ళు, యకూజాలని పేరు, వాళ్ళని రానివ్వకుండా పెట్టుకున్న నియమం. విని ఆమె నవ్వడం మొదలుపెట్టారు. జపాన్ రైలులో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మా అత్తయ్య ఐదు స్టేషన్ల దూరం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఇంటికి వెళ్ళాక మా ఆయనతో మొదటి మాట: "ఒరేయ్, నీ తల్లి రౌడీ అట."

ఆవిడకు నవ్వు వచ్చింది కానీ నాకు రాలేదు. ఏడాదిన్నరగా వెళ్ళనని మొండికేసిన నేనే ఆ రాత్రి కూర్చుని, పచ్చబొట్టు ఉన్నవాళ్ళను రానిచ్చే ఊరు ఏదో వెతికాను. సిగ్గు కంటే పంతం పెద్దదని అప్పుడే తెలిసింది.

దొరికిన ఊరు కినోసాకి. ఒసాకా నుంచి ఎక్స్‌ప్రెస్ రైలులో మూడు గంటలకు కాస్త తక్కువ, జపాన్ సముద్రం వైపు, హ్యోగో రాష్ట్రంలో. ఊరి మధ్య ఒక సన్నటి ఏరు, ఏటి పక్కన విల్లో చెట్లు, రాతి వంతెనలు. ఏడు ఊరుమ్మడి స్నానశాలలు, ఏడింటిలోనూ పచ్చబొట్టుకు అభ్యంతరం లేదు. 1,300 ఏళ్ళ చరిత్ర అంటారు: ఒక బౌద్ధ సన్యాసి వెయ్యి రోజులు ప్రార్థన చేస్తే మందరా-యు ఊట పుట్టిందని ఒక కథ, గాయపడిన కొంగ వచ్చి నీళ్ళలో కాలు పెట్టుకుని నయం చేసుకుంటే చూసి కోనో-యు ఊటను కనిపెట్టారని ఇంకొక కథ. మన స్థలపురాణాలు విన్న చెవికి ఇవేమీ కొత్తగా అనిపించవు. అత్తయ్య వెంటనే భద్రాచలం దగ్గర గోదావరి ఇసుకలో గుంట తీస్తే వేడినీళ్ళు ఊరే చోటు గురించి చెప్పారు. అక్కడికి ముగ్గురు మూర్తులూ స్నానానికి వస్తారట. ఇక్కడికి కొంగ వచ్చింది.

ఆ ఊరివాళ్ళు తమ ఊరంతా ఒకటే సత్రమని చెప్పుకుంటారు. స్టేషను ముంగిలి, వీధి నడవ, బసలు గదులు, ఏడు స్నానశాలలు స్నానాల గదులు. బస చేసినవాళ్ళు యుకాతా అనే పల్చటి నూలు అంగీ కట్టుకుని, చెక్క చెప్పులు వేసుకుని, టకటకమని ఒక స్నానశాల నుంచి ఇంకొకదానికి వీధిలో తిరుగుతారు. ఆ చెక్క చెప్పులను చూసి అత్తయ్య, "పావుకోళ్ళు!" అన్నారు, చిన్ననాటి స్నేహితురాలు ఎదురైనంత సంబరంగా. యుకాతా ఎడమ అంచు పైకి రావాలని, కుడి అంచు పైకి వచ్చేలా చనిపోయినవాళ్ళకే కడతారని బసలోని పెద్దామె సరిచేసింది. నేను అనువదిస్తే అత్తయ్య తల పంకించి, "మనకీ అంతేగా, ఆ పనులన్నీ తిరగేసే చేస్తాం," అన్నారు. (రాత్రి భోజనంలో పీత వచ్చింది. నవంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ పీతల కాలం, దేశమంతా దాని కోసమే వస్తుంది. కృష్ణా డెల్టా మనిషి తీర్పు: "పీత మంచిదే. వండటం మరిచిపోయారు.")

ఇక స్నానశాల. ఎర్రటి తెర మీద స్త్రీ అనే అక్షరం, నీలం తెర మీద పురుషుడు అనే అక్షరం. మా ఆయన నీలం తెర వెనక మాయమయ్యాడు. మేమిద్దరం ఎర్రతెర తొలగించుకుని లోపలికి వెళ్ళాం.

ఇక్కడ ఒక విద్య గురించి చెప్పాలి. మా అత్తయ్య తరం ఆడవాళ్ళు కాలువ రేవులో స్నానం చేసి, తడిచీర మీదనే పొడిచీర చుట్టుకుంటూ, లోపలి నుంచి తడిచీర జారవిడిచి, చూసేవాళ్ళకు జానెడు ఒళ్ళు కూడా కనపడకుండా బయటికి వస్తారు. కొంగు పళ్ళ మధ్య, ఒక చెయ్యి కుచ్చెళ్ళ మీద, రెండో చెయ్యి ఎక్కడో తెలియదు. పుష్కరాల రేవులో ఈ విద్య చూసి నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. కినోసాకి స్నానశాల గదిలో అత్తయ్య అలవాటు కొద్దీ ఆ విద్యే మొదలుపెట్టారు, ఇచ్చిన తువ్వాలు పళ్ళతో పట్టుకుని. ఆ తువ్వాలు మన చేతిరుమాలుకు అక్క, అంతే. అటు లాగితే ఇటు చాలదు. రెండు నిమిషాలు పోరాడి చుట్టూ చూశారు. ఎనభై దాటిన ఒక అవ్వ, నడుము పూర్తిగా వంగిపోయి, బుట్టలో తన బట్టలు మడత పెట్టుకుంటోంది. ఒక తల్లి పిల్లవాడి వెనక పరుగెడుతోంది. ఎవరూ మా వైపు చూడటం లేదు. అత్తయ్య తువ్వాలు నోట్లోంచి తీసి, భుజాన వేసుకుని, "నువ్వూ కానియ్యి అమ్మాయీ, చలేస్తోంది," అని లోపలికి నడిచారు.

నేను గది మూలన గోడకు తిరిగి నిలబడి, పరీక్ష హాలులో చివరిగా మిగిలిన విద్యార్థిలా, ఒక్కో గుండీ విప్పాను.

లోపలి దృశ్యం నేను ఊహించింది కాదు. గోడ వెంబడి వరసగా కుళాయిలు, ఒక్కో కుళాయి ముందు ఒక పొట్టి పీట, ఒక చిన్న గిన్నె. తొట్టి అవతల ఉంది, కానీ నేరుగా దానిలోకి ఎవరూ దిగడం లేదు. అందరూ పీటల మీద కూర్చుని ఒళ్ళు తోముకుంటున్నారు. అదీ ఏదో మొక్కుబడిగా కాదు. కాలివేళ్ళ సందులు, చెవుల వెనక, మోచేతుల మడతలు. "పీట! చెంబు!" అన్నారు అత్తయ్య. ఒసాకాలో మా ఇంటి షవరు కింద రెండు వారాలుగా నిలబడి స్నానం చేస్తూ, ఇది స్నానమా, వానలో తడవడమా అని విసుక్కుంటున్న మనిషి. పీట మీద కూర్చోగానే ఆవిడ ముఖంలోకి ప్రాణం వచ్చింది. సంచిలో సున్నిపిండి తెచ్చారని అప్పుడు తెలిసింది. కాలువలో అడ్డుపడుతుందని బతిమాలి ఆపాను.

అరగంట తోముకున్నారు. ఆ తరువాత నా వైపు తిరిగి, "వీపు తిప్పు," అన్నారు.

పెళ్ళయి పధ్నాలుగేళ్ళు. ఈ పధ్నాలుగేళ్ళలో మా అత్తాకోడళ్ళ మధ్య మంచి మాటలున్నాయి, కొన్ని మాట్లాడని వారాలున్నాయి, పండగ చీరలున్నాయి. ఒకరినొకరు ముట్టుకోవడం మాత్రం కాళ్ళకు దండం పెట్టేటప్పుడే. పెళ్ళినాటి నలుగు తరువాత నా వీపు మీద ఇంకొకరి చెయ్యి పడటం అదే. ఆమె పని మొదలుపెడితే సగంలో ఆపే మనిషి కాదు. చర్మం లేచిపోతుందేమో అనిపించేలా రుద్దారు. పక్క పీట మీది అవ్వ మమ్మల్ని చూసి ఏదో అంది. తల్లీకూతుళ్ళా అని అడిగింది. అత్తాకోడళ్ళమని చెబితే కళ్ళు పెద్దవి చేసి, చప్పట్లు కొట్టినంత పని చేసింది. ఒకరి వీపు ఒకరు రుద్దడం ఇక్కడ కూడా దగ్గరితనానికి గుర్తే.

ఆ పీట మీద కూర్చున్నప్పుడే నాకు ఈ నగ్నత్వం గొడవ అర్థమైంది. ఒసాకాలోని మన తెలుగువాళ్ళ మధ్య ఒన్సెన్ మాట వస్తే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈతదుస్తులు వేసుకోవచ్చా? రెండోది: మన కుటుంబానికి మాత్రమే విడిగా గది దొరుకుతుందా? నేనూ ఇవే అడిగాను. ఈ ప్రశ్నల వెనక ఒక అనుమానం ఉంది, ఇదేదో తెగింపు వ్యవహారమని, వాళ్ళకు సిగ్గు తక్కువని. నిజానికి ఇందులో తెగింపు లేదు. మనం శుభ్రం కావడానికి నీళ్ళలో దిగుతాం, వీళ్ళు శుభ్రమయ్యాక నీళ్ళలో దిగుతారు. తేడా అంతా అక్కడే. తొట్టి కడుక్కునే చోటు కాదు. బయట వేసుకు తిరిగిన గుడ్డ ఆ నీళ్ళలో ముంచడమంటే చెప్పులతో వంటింట్లోకి నడవడమే. అందుకే చిన్న తువ్వాలు కూడా నీళ్ళకు తగలకూడదు. మడిచి నెత్తిన పెట్టుకుంటారు. జుట్టు ముడి వేసుకోవాలి. మునగకూడదు, ఈదకూడదు.

మడి గురించి మనకు వేరే చెప్పాలా? మడిబట్ట ముట్టుకుంటే మళ్ళీ స్నానం చేయించిన ఇళ్ళున్నాయి మన దగ్గర. అలాంటి మనకు ఈ నియమం వింతగా అనిపించడమే నాకు వింతగా ఉంది. కాకపోతే మన మడి పక్కవాడి నుంచి మనల్ని కాపాడుతుంది. వీళ్ళ మడి మన నుంచి పక్కవాడిని కాపాడుతుంది. ఇది నేను తీర్పుగా చెప్పడం లేదు, పీట మీద కూర్చుని నా మోచేతులు నేనే తోముకుంటూ ఉంటే తట్టిన మాట.

అత్తయ్యకు బట్టల దగ్గర రాని అభ్యంతరం తొట్టి దగ్గర వచ్చింది. "పదిమంది దిగిన నీళ్ళలో మనమా?"

"2016 పుష్కరాల్లో కృష్ణలో దిగారు కదా. అక్కడ ఎంతమంది?"

"అది పారే నీరు."

కొన్ని ఒన్సెన్లలో నీరు నేరుగా ఊట నుంచి వచ్చి, తొట్టి నిండి, అంచుల మీదుగా పొర్లిపోతూనే ఉంటుంది. దానికి ప్రత్యేకంగా ఒక పేరుంది, దాన్నే అసలైన ఒన్సెన్‌గా లెక్కపెట్టే పట్టుదల మనుషులూ ఉన్నారు. మరికొన్ని చోట్ల వడపోసి మళ్ళీ తిప్పుతారు. ఇదంతా చెప్పి ఒప్పించబోయాను. ఆమె వినలేదు. తొట్టి పక్కన నిలబడి, పీటల మీద తోముకుంటున్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినే ఇంటికి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను చూసినట్టు చూశారు. "బాగానే తోముకుంటున్నారు," అని ఒప్పుకుని కాలు పెట్టారు.

తొట్టి నీరు 42 డిగ్రీలు. కాగులోంచి నేరుగా గంగాళంలోకి వంచిన నీళ్ళు, చన్నీళ్ళు కలపకముందు. పాదం పెట్టగానే వెనక్కి లాక్కున్నాను. అత్తయ్య మోకాళ్ళ దాకా దిగి, "రామా," అని, నడుము దాకా దిగి, "కృష్ణా," అని, మెడ దాకా కూర్చుని మరి ఏమీ అనలేదు. నేను అంగుళం అంగుళం దిగాను. కాసేపటికి వేడి బయట ఉండటం మానేసి లోపలికి వచ్చింది. భుజాలు రెండూ ఇన్నేళ్ళుగా చెవుల దగ్గర ఉన్నాయని అవి కిందికి జారాక కానీ తెలియలేదు. పెదవులకు తగిలిన నీరు ఉప్పగా ఉంది. పెద్ద కిటికీ బయట కొండమీద చీకటి. ఆవిరిలో ఎదుటివాళ్ళ తలలు మాత్రమే కనిపిస్తున్నాయి, ఒక్కో తలమీద మడిచిన తెల్ల తువ్వాలు. ఒంటి గురించి నేను పడ్డ దిగులంతా ఆ తెల్లటి చతురస్రాల ముందు ఏమైందో తెలియదు. సిజేరియన్ మచ్చ నాకొక్కదానికే ఉందనుకున్నట్టు ఇన్నేళ్ళు బతికాను. ఆ గదిలో పీటల వరసలో నాకు కనిపించినవే మూడు. టీవీలో, పత్రికల అట్టల మీద చూసిన ఒళ్ళు తప్ప పక్కింటివాళ్ళ ఒళ్ళు ఎలా ఉంటుందో చూసి ఎరగని చదువు మనది.

అలాగని ఇది అనాదిగా ఇలాగే ఉందని కాదు. ఒకప్పుడు జపాన్ స్నానశాలల్లో ఆడా మగా కలిసే స్నానం చేసేవాళ్ళు. అప్పట్లో దేశాన్ని ఏలిన సేనాధిపతులు, షోగున్ల ప్రభుత్వమే 1791లో వద్దంది, జనం పెద్దగా లెక్కచేయలేదు. 1854లో అమెరికా నౌకలతో వచ్చిన పెర్రీ బృందం షిమొదా రేవులో ఈ దృశ్యం చూసి నివ్వెరపోయి, వీళ్ళ నీతి గురించి రాసిపెట్టింది. ఆ తరువాత వచ్చిన మెయిజీ ప్రభుత్వానికి పాశ్చాత్యుల ముందు నాగరికులుగా కనిపించాలన్న తాపత్రయం. కలిసి చేసే స్నానాలను గట్టిగా నిషేధించింది. బయటివాళ్ళ కళ్ళతో తమను తాము చూసుకుని సిగ్గుపడటం మనకూ తెలిసిన చరిత్రే. అయినా మగవాళ్ళు, ఆడవాళ్ళు వేరుపడటంతో వాళ్ళ సర్దుబాటు ఆగింది. బట్టల దాకా రాలేదు.

విడిగదుల మాటకొస్తే కినోసాకిలోనే దాని మీద ఒక పెద్ద తగాదా నడిచింది. 1925 మే 23న వచ్చిన భూకంపంలో, దాని వెంట లేచిన మంటల్లో ఊరు కాలిపోయింది. మళ్ళీ కట్టుకుంటున్న రోజుల్లో, 1927లో, ఒక సత్రం తన ఆవరణలోని ఊటతో సొంతంగా లోపలే స్నానాల గది పెట్టింది. ఊరు భగ్గుమంది. ఒక్కొక్కరూ ఇలా తమ నీళ్ళు తాము లోపల పెట్టుకుంటే ఊరుమ్మడి స్నానశాలలు ఏమవుతాయి, యుకాతాలతో వీధిలో తిరిగే జనం ఏమవుతారు, చిన్నసత్రాలవాళ్ళు ఎలా బతుకుతారు? కోర్టుకెక్కారు. 23 ఏళ్ళు కొట్టుకుని 1950లో రాజీపడ్డారు: నీరు ఊరి ఉమ్మడి ఆస్తి, సత్రాలు లోపల స్నానాల గదులు పెట్టుకోవచ్చు, కానీ పరిమితిలోనే. బోరు ఎవరి పెరట్లో పడితే నీళ్ళు వాళ్ళవనుకునే మనకు ఈ రాజీ మింగుడుపడదు. నాకు మాత్రం ఆ ఊరివాళ్ళ పక్షమే సరైనదనిపించింది. డబ్బిచ్చి విడిగది తీసుకుంటే దొరికేవి వేడినీళ్ళు. అవి మా ఇంట్లోనూ ఉన్నాయి. ఆ అవ్వ దొరకదు. నా వీపు అత్తయ్య రుద్దడమూ జరగదు. మేమిద్దరమే ఉన్న గదిలోనైతే సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళం, ఇరవైమంది మధ్యలో కాబట్టి సాగింది.

విడిగది అవసరమైనవాళ్ళు లేరనను. కూర్చోబెట్టి కడగాల్సిన పెద్దవాళ్ళున్నారు, ఒంటి గాయాలు మానని మనుషులున్నారు. రొమ్ము కాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న స్త్రీల కోసం, మచ్చ కప్పుతూ తొట్టిలోకి దిగేందుకు వీలుగా కుట్టిన ప్రత్యేకమైన వస్త్రం జపాన్‌లో ఉంది. దాన్ని చూసి అభ్యంతరపెట్టవద్దని ప్రభుత్వమే పోస్టర్లు వేస్తుంది. గుడ్డ నీళ్ళలో ముంచకూడదన్న నియమం అక్కడ వంగింది, వంగినందుకు నీళ్ళు చెడిపోలేదు. ఇది గుర్తుంచుకుని మళ్ళీ పచ్చబొట్టు దగ్గరికి వస్తాను.

పచ్చబొట్టు నియమాన్ని సమర్థించేవాళ్ళ వాదన నాకు తెలుసు. షోగున్లు ఏలిన ఎడో కాలంలో నేరం చేసినవాళ్ళ చేతుల మీద, కొన్నిచోట్ల నుదుటి మీద, శిక్షగా గుర్తులు పొడిచేవాళ్ళు. 1872లో మెయిజీ ప్రభుత్వం పచ్చబొట్టునే నిషేధించింది, 1948 దాకా ఆ నిషేధం ఉంది. (ఒన్సెన్ చట్టం వచ్చిందీ, పచ్చబొట్టు నేరం కాకుండా పోయిందీ ఒకే ఏడాది. రెండూ ఇంకా ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.) ఆ తరువాత ముఠాలవాళ్ళు వీపు నిండా బొమ్మలతో వచ్చి కూర్చుంటే మామూలు జనం భయపడ్డారు, యజమానులు బోర్డులు పెట్టారు. భయం నిజమే, కాదనను. కానీ ఆ బోర్డు పట్టుకునేది ఎవరిని? 2015లో జపాన్ పర్యాటక సంస్థ సత్రాలను, స్నానశాలలను అడిగితే, బదులిచ్చిన సుమారు 600 చోట్లలో 56 శాతం పచ్చబొట్టు ఉన్నవాళ్ళను రానివ్వమన్నాయి. 2013లో ఉత్తరాన హొక్కైదో ద్వీపంలో, న్యూజీలాండ్ మూలవాసి అయిన ఒక మావోరీ స్త్రీని ముఖం మీది సంప్రదాయ పచ్చబొట్టు వల్ల స్నానశాలలోకి రానివ్వలేదు. ఆమె ఆ ద్వీపానికి వచ్చింది అక్కడి మూలవాసులైన ఐనూల భాషకు సంబంధించిన సమావేశం కోసం. ఐనూ స్త్రీలు కూడా ఒకప్పుడు పెదవుల చుట్టూ పచ్చబొట్టు పొడిపించుకునేవాళ్ళు, 1871లో అది నిషేధంలో పోయింది. దక్షిణాన ఒకినావా ద్వీపాల స్త్రీలు చేతుల మీద పొడిపించుకునేవాళ్ళు, 1899లో అదీ పోయింది. అంటే మా అత్తయ్య చేతిలాంటి చేతులు ఈ దేశపు అవ్వలకే ఉండేవి. వాళ్ళెవరూ ఏ ముఠాలోనూ లేరు.

నాకున్న అసలు తగువు ఇదీ. కడుక్కుని దిగు, జుట్టు కట్టుకో, గుడ్డ ముంచకు అన్న నియమం నేను చేసే పని గురించి. మొదటిసారి వచ్చిన పరదేశి కూడా ఐదు నిమిషాల్లో నేర్చుకుని పాటించగలదు. మా అత్తయ్య ఆ గదిలో అందరికంటే బాగా పాటించారు. పచ్చబొట్టు నియమం నా చర్మం గురించి. దాన్ని ఎంత మర్యాదస్తురాలైనా పాటించలేదు. ఈ రెండింటినీ ఒకే బోర్డు మీద, ఒకే ఎర్రగీతతో రాసి, రెంటినీ మర్యాద అని పిలవడమే తప్పు. హొక్కైదోలోనే ఒతారు రేవు పట్టణంలో ఇది ఎక్కడిదాకా వెళ్తుందో తేలింది. రష్యన్ నావికులు తాగి వచ్చి తొట్టిలో సబ్బు రుద్దుకుంటున్నారని విసిగిన ఒక స్నానశాల యజమాని, తాగి రావద్దు, సబ్బు వాడవద్దు అని రాయకుండా, జపనీయులకు మాత్రమే అని రాసిపెట్టాడు. జపాన్ పౌరసత్వం తీసుకున్న అమెరికా పుట్టుక మనిషిని కూడా ముఖం చూసి తిప్పి పంపారు. 2002లో సప్పొరో జిల్లా కోర్టు ఆ వివక్ష తప్పని, ముగ్గురు ఫిర్యాదుదారులకు తలా పది లక్షల యెన్‌లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. పనిని ఆపడానికి ఓపిక లేక మనిషిని ఆపారు. కౌంటరులోని ఆ పిల్ల చేసిందీ అదే, ఎంత అందంగా వంగినా.

వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం, మధ్య మనకెందుకు అన్నారు మా ఆయన. గుడి గడపల దగ్గర ఎవరిని ఎన్నేళ్ళు నిలబెట్టామో తెలిసిన దేశం నుంచి వచ్చి ఆ మాట నేను అనలేను. అక్కడ తప్పైంది ఇక్కడ వాళ్ళ సంస్కృతి ఎలా అవుతుంది?

బయటికి వచ్చేసరికి మా ఆయన బెంచీ మీద ఎర్రగా ఉడికి కూర్చుని ఉన్నారు. లోపల పది నిమిషాలే ఉన్నారట, బయట గంటంబావు. సీసాల్లో చల్లటి కాఫీపాలు అమ్ముతున్నారు. గాజుసీసా, పైన అట్టమూత. అత్తయ్య ఒక గుక్క తాగి, సీసా ఎత్తి దీపం వెలుగులో చూసి, ఇంకొకటి కొనమన్నారు. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాను. "ఉన్నాయో లేదో తెలియడం లేదు," అన్నారు. అది పొగడ్తేనని అర్థం చేసుకున్నాను.

ఆ రాత్రి బసలోని పెద్దామె ఒక సంగతి చెప్పింది. స్నానశాల తలుపు తీయగానే ఆ రోజుకు మొట్టమొదట అడుగుపెట్టిన ఆడమనిషికి ఒకటి, మగమనిషికి ఒకటి, గుర్తుగా బిళ్ళ ఇస్తారు. కొంగ కథ ఉన్న ఆ కోనో-యు స్నానశాలను ఉదయం ఏడింటికి తెరుస్తారు. నేను ఈ మాట అనువదించి ఉండకూడదు. నాకు ఆ అలవాటు పోదు.

తెల్లవారుజామున నాలుగున్నరకు అత్తయ్య నా భుజం తట్టారు. అప్పటికే యుకాతా, ఎడమ అంచు పైకి, నెత్తిన మంకీటోపీ. మా ఆయన దుప్పటి ముసుగు తన్నారు. ఆరుంపావుకు మేమిద్దరం కోనో-యు వాకిట్లో ఉన్నాం. మంచు కురవలేదు కానీ కురిసేలా ఉంది. ఆరున్నరకు ఇంకో ఇద్దరు జపాన్ ఆడవాళ్ళు వచ్చి మా వెనక నిలబడ్డారు. అత్తయ్య వెనక్కి తిరిగి వాళ్ళకు నమస్కారం పెట్టి, రేషన్ క్యూలో నిలబడ్డ అనుభవమంతా కాళ్ళలోకి తెచ్చుకుని, తలుపుకు ఇంకో అడుగు దగ్గరగా జరిగారు. ఏడు కొట్టగానే తలుపు తీసిన మనిషి చేతులు రెండూ కలిపి బిళ్ళ అందించాడు. తీసుకోవడానికి ఆమె చెయ్యి చాపితే యుకాతా చెయ్యి వెనక్కి జారి తులసికోట, ఐదు చుక్కలు అతని కళ్ళ ముందుకు వచ్చాయి. అతను దాన్ని చూసి, నవ్వి, మంచి వెచ్చని స్నానం చేయండి అన్నాడు.

రైలులో తిరిగి వస్తుంటే ఆ బిళ్ళను నిమ్మతొనల పొట్లం పక్కన పెట్టి, మళ్ళీ తీసి, నా చేతికిచ్చారు.

"దీని మీద ఏం రాశారు?"

"ఇవాళ అందరికంటే ముందు వచ్చినవాళ్ళు అని."

కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "ఆ మొదటి చోట కౌంటరులో పిల్ల ఉంది చూడు, ఆ పిల్లకు సెలవు ఏ రోజో కనుక్కో. సెలవు లేని రోజు వెళ్దాం. దీన్ని ఒక్కసారి చూపించి వచ్చేద్దాం."